పేరు తెలియని పునీతురాలి ఎదుట

ఆమె ఏ బొమ్మనూ వేలితో చూపించలేదు. అరచేతిని పైకి తిప్పి, వేళ్ళన్నీ కలిపి, గడప బయట నిలబడిన వారిని లోపలికి పిలిచినట్టు చూపించేవారు. మ్యూజియంలో తక్కిన గైడ్లలో కొందరు చూపుడువేలు వాడేవారు, కొందరు లేజర్ దీపం వాడేవారు. దేవుడి పటం వైపు వేలు పెడితే పెద్దవాళ్ళు కసిరే ఇంట్లో పెరిగిన చేయి ఆమెది. ఎదుట ఉన్న పటం ఎవరి దేవుడిదన్న విచారణ ఆ చేతికి లేదు.

పోయిన నెల అమెరికాలో మా ఎడిసన్ ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో, ఎవరో సోఫా అమ్ముతున్నామని పెట్టిన ఫొటోకూ, ఎయిర్‌పోర్ట్‌కి రైడ్ ఎవరైనా ఇస్తారా అన్న ప్రశ్నకూ మధ్య, ఆమె మరణవార్త కనబడింది. దాని కింద జోడించిన చేతుల బొమ్మలు వరుసగా పడుతూ పోయాయి. ఆ బొమ్మలు పెట్టిన వారిలో చాలామందికి ఆమె ఫలానా వారి భార్య. నాకు ఆంటీ. ఆ పిలుపుతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎడిసన్ నుంచి కారులో సులువుగా వెళ్ళి రాగల దూరంలో ఒక చిన్న మ్యూజియం ఉంది. దాని మేడమీద వెనక గదిలో, మధ్యయుగం ముగిసిపోతున్న రోజుల్లో జర్మనీలో చెక్క పలకల మీద చిత్రించిన క్రైస్తవ పునీతులు, అంటే సెయింట్లు, ఉన్నారు. ఒకప్పుడు అవి విడి బొమ్మలు కావు. చర్చిలో బలిపీఠం వెనక నిలబెట్టిన పెద్ద చిత్రానికి అటూ ఇటూ తలుపులు. మామూలు రోజుల్లో వాటిని మూసి ఉంచి, పండుగనాడు తెరిచేవారట. తరువాతి కాలంలో కొన్ని చర్చిలు ఖాళీ అయ్యాయి. వ్యాపారుల చేతుల్లో పడిన తలుపులు రంపంకోతకు గురై, ఒక్కొక్క పునీతుడూ ఒక్కొక్క పటంగా అమ్ముడుపోయాడు. వెనక అంతా బంగారు పూత. ముందు ఎత్తైన నుదురు, చిన్న నోరు, ఎవరినీ నిలదీయని కళ్ళు. ఆంటీ శనివారాలు ఆ గదికి గైడు. జీతం లేని పని.

నేను ఆమెను మొదట చూసింది ఒక తెలుగు బృందంతో. అప్పుడు నేను మాస్టర్స్ చదువుతున్నాను. కూతురి కాన్పుకు తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, ఆవిడ మనవడు, నా రూమ్మేట్లు, ఇంకొందరు ఆ గుంపులో ఉన్నాం. ఆంటీ ఇంగ్లీషు పక్కనపెట్టి తెలుగులో మొదలుపెట్టారు.

"ముందు చెయ్యి చూడండి. మొహం తర్వాత. మన గుళ్ళో ఏ దేవుడో ఎట్లా గుర్తుపడతాం? చేతిలో ఏముందో చూసే కదా."

పెద్దావిడ ఎదుటి బొమ్మ చేతిని చూడలేదు, కాళ్ళ కిందికి చూసింది.

"ఇదేందమ్మా, ఈవిడ వాహనం మొసలా?"

నా రూమ్మేట్లు నవ్వు ఆపుకున్నారు. ఆంటీ ముఖంలో ఆపుకోవలసిన నవ్వేదీ లేదు.

"వాహనం కాదు పిన్నిగారూ. డ్రాగన్. ఈమెని మింగింది అదే."

"మింగితే పైన ఎట్టా నిలబడింది?"

"దాని పొట్ట చీల్చుకుని బయటికి వచ్చిందట."

"అయితే మన అమ్మవారే! పేరేందన్నావ్?"

"మార్గరీటమ్మ."

"అమ్మమ్మా, దట్స్ అ పిజ్జా!" అన్నాడు మనవడు.

"నోర్ముయ్ రా, కళ్ళు పోతాయి" అని వాడి నెత్తిన ఒకటి వేసి, పెద్దావిడ చెంపలు వేసుకుంది.

ఆంటీ ఆ పొరపాటును దిద్దకుండా దానినే మెట్టుగా చేసుకుని మమ్మల్ని పైకి తీసుకెళ్ళారు. "పిన్నిగారు కరెక్ట్‌గానే పట్టుకున్నారు. ఒక్క తేడా ఉంది. మన దేవుళ్ళ చేతుల్లో ఉండేది వాళ్ళు శత్రువుని చంపిన ఆయుధం. వీళ్ళ చేతుల్లో ఉన్నది వీళ్ళని హింసపెట్టిన ఆయుధం. అదిగో, లారెన్స్ గారు. చేతిలో ఏంటది, బాబూ?"

"బార్బెక్యూ గ్రిల్!"

"అవును. దాని మీదే కాల్చారు. ఒక పక్క కాలింది, ఇక తిప్పండి అన్నాడని చెప్పుకుంటారు. ఈమె బార్బరమ్మ. కన్నతండ్రే బురుజులో పెట్టి తాళం వేశాడు. ఆ బురుజుని ఇప్పుడు ఎట్లా పట్టుకుందో చూడండి. షాపింగ్‌కి వెళ్తూ హ్యాండ్‌బ్యాగ్ పట్టుకున్నట్టు లేదూ?"

అందరం నవ్వాం. ఆ నవ్వు పూర్తిగా ఆగేదాకా ఉండి ఆమె మెల్లగా అన్నారు: "నొప్పి చేతిలో ఉంది. మొహంలో లేదు."

కాలేజీలో నాకు డిబేట్ నేర్పినవారు ఒక సూత్రం చెప్పేవారు: అవతలివారి మాట నీకు బాగా నచ్చిన క్షణంలోనే ప్రశ్న వెయ్యి. వేశాను.

"ఆంటీ, ఒక డౌట్. వీళ్ళలో చాలామంది విగ్రహాలకి మొక్కమంటే మొక్కనన్నందుకే చచ్చిపోయారు కదా. పొద్దున ఇంట్లో విగ్రహానికి దీపం పెట్టి వచ్చిన మీరు, వీళ్ళని ఎట్లా మెచ్చుకుంటారు? మీరు ఎవరి పక్షం?"

గుంపు ఇబ్బందిగా కదిలింది. ఆంటీ నన్ను తేరిపార చూశారు.

"ఏ ఊరు తల్లీ?"

"విజయవాడ."

"కాలేజీలో డిబేట్లు చేసేదానివా?"

"అవును."

"అనుకున్నా. పక్షం అడిగావు." తరువాత ఆమె డ్రాగన్ మీద నిలబడిన మార్గరెట్ వైపు అరచేయి చాపారు. "నాకు మొక్కాలని ఉంది, మొక్కుతా. ఈమెకి మొక్కాలని లేదు. మొక్కినట్టు నటించి హాయిగా ఇంటికి పోవచ్చు. పోలేదు. నేను దీపం పెట్టేటప్పుడు నటించట్లేదు. అందుకని ఈమె నటించకపోవడం నాకు అర్థమవుతుంది."

పక్షాన్ని చీటీ తీసి నిర్ణయించే పోటీలలో పెరిగినదాన్ని నేను. అనుకూలమైనా ప్రతికూలమైనా ఏ చీటీ వస్తే ఆ వైపు నిలబడి, కప్పు గెలుచుకుని వచ్చేదాన్ని. ఆ రోజు విన్న జవాబుకు ప్రతివాదం కోసం తిరుగు ప్రయాణమంతా వెదికాను. దొరకకపోవడం వల్లనే కాబోలు, మళ్ళీ శనివారం వెళ్ళాను.

"ఏం ప్లీడరమ్మా, వాయిదాకి వచ్చావా?" అన్నారు నన్ను చూసి. "రా, మీ సీనియర్‌ని చూపిస్తా." చక్రం ధరించిన కాథరిన్ ఎదుట నిలబెట్టారు. రాజు తన పండితులందరినీ తెచ్చి ఆమెతో వాదనకు దింపాడనీ, ఆమె వాళ్ళందరినీ ఓడించిందనీ కథ. "వాదనలో గెలిచింది. తర్వాత తల తీయించుకుంది. గెలిస్తే అన్నీ సర్దుకుంటాయని మీ కాలేజీలో చెప్పారేమో. ఈమెని అడుగు."

అలా మొదలైన శనివారాలవి. ఆమె అలవాట్లు ఒక్కొక్కటే నాకు తెలిశాయి. బొమ్మలకు వీపు చూపించరు. ఒక బొమ్మ నుంచి ఇంకొక బొమ్మకు పక్క అడుగులు వేసుకుంటూ వెళతారు. గదిలో కాపలా ఉండే ఆయన ఒకసారి నాతో, మీ ఆంటీ పీతలా నడుస్తుంది అన్నాడు. నేను ఆ మాట చేరవేస్తే ఆమె నొచ్చుకోలేదు. "వీపు చూపిస్తే వాళ్ళకి కోపమా ఆంటీ?" అని అడిగాను. "వాళ్ళకేం పట్టింది? నా మర్యాద నాది" అన్నారు. ఆమె ఇంగ్లీషులో గుంటూరు ఉండేది. దానిని దాచాలని ప్రయత్నించేవారు కారు. హింసను వర్ణించవలసి వచ్చినప్పుడు ఒకే ఒక వాక్యం చెప్పి ఊరుకునేవారు. రెండో వాక్యం వినాలని కొందరి కళ్ళలో ఆశ కనబడేది. ఆమె దానికి లొంగేవారు కారు.

అంకుల్ ఆమెను కారులో దింపి, టూరు అయ్యేదాకా పార్కింగ్‌లో ఫోనులో క్రికెట్ చూస్తూ కూర్చునేవారు. లోపలికి రమ్మంటే, "నాకు బొమ్మలు అర్థం కావమ్మా. ఆవిడ అర్థం చేసుకుని వచ్చి నాకు చెబుతుంది, చాలు" అనేవారు. నిజంగానే ఆమె కారెక్కగానే చెప్పడం మొదలుపెట్టేవారు. అద్దాలు ఎక్కించిన కారు నెమ్మదిగా కదులుతుంటే, లోపల ఆమె అరచేయి లేచి తెరుచుకోవడం బయటి నుంచి కనబడేది.

ఆ గదిలో చివరి బొమ్మ గురించి ఇప్పుడు చెప్పాలి. ఎర్రని పైవస్త్రం వేసుకున్న ఒక యువతి. తల చుట్టూ కాంతివలయం ఉంది కనుక పునీతురాలే. కానీ రంపం ఆమె మోచేతుల దగ్గర నడిచింది. చేతులు లేవు, చేతుల్లో ఉన్నదీ లేదు. కోసిన అంచు మీద గోధుమరంగు వంపు ఒకటి కొంచెంగా మిగిలింది. అది చక్రమైతే ఆమె కాథరిన్. పూలబుట్ట అంచైతే డొరొథీ. పేదలకు పోసే కూజా అయితే హంగరీ రాజకుమారి ఎలిజబెత్. పక్కన ఉన్న కార్డు మీద 'గుర్తు తెలియని పునీతురాలు' అని ఉండేది.

ఆంటీ టూర్లన్నీ ఆమె దగ్గరే ముగిసేవి. ఆ వంపు ఏమిటో చెప్పమని అందరినీ అడిగేవారు. జల్లెడ అనేవారు మనవాళ్ళు, చాట అనేవారు. అమెరికన్ పిల్లలు స్టీరింగ్ అనేవారు. అన్నీ విని, తల ఊపి, చివరికి ఆమె, "నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. థాంక్యూ ఫర్ కమింగ్" అని ముగించేవారు.

ఆ ముగింపు నాకు మింగుడుపడేది కాదు. మా పోటీలలో 'తెలియదు' అన్నవాడు ఓడినట్టే. తెలియనప్పుడు ఏదో ఒకటి నమ్మకంగా చెప్పడమే మాకు నేర్పిన విద్య. ఆమె ఆ మాటను, చేతిలోని దీపం గాలికి ఆరకుండా పట్టుకున్నంత భద్రంగా పలికేవారు.

ఒక చలికాలం ఆ గదిని మూసి, గోడలకు రంగు వేసి, కొత్తగా సర్దారు. తిరిగి తెరిచే సాయంత్రానికి, ఆ ఎర్రవస్త్రం పునీతురాలిని మ్యూజియానికి ఇచ్చిన కుటుంబం వస్తోంది. దానికి ముందరి శనివారం ఆంటీ నన్ను బయట బెంచీ దగ్గరికి తీసుకెళ్ళారు. దూరంగా ఉన్న తమ కారు వైపు ఒకసారి చూసి కూర్చున్నారు.

"ఆ సాయంత్రం ఈమెని సెయింట్ ఎలిజబెత్ అనేస్తే చాలట" అన్నారు.

"ఎవరన్నారు?"

"మా వాలంటీర్లని చూసుకునే మేడమ్. మంచిదే పాపం, తనకీ పైనుంచి ప్రెషర్. ఇచ్చినావిడ బాగా పెద్దది, చక్రాల కుర్చీ. ఈ బొమ్మ వాళ్ళ డైనింగ్ రూమ్‌లో ఉండేదట. వాళ్ళమ్మ పేరు ఎలిజబెత్. ఈమె కూడా ఎలిజబెత్తే అని రోజూ ఈమె ముందే ప్రార్థన చేసుకునేదట. కార్డు కూడా మార్చేశారు."

"అనకపోతే?"

"టూర్లు వేరేవాళ్ళకి ఇస్తారు. నేను కింద విజిటర్ల కోట్లు తీసుకునే కౌంటర్ దగ్గర కూర్చోవచ్చట." మెడలోని బ్యాడ్జీని చున్నీ కొసతో తుడిచారు. "ఇది వచ్చేదాకా ఈ దేశంలో నా కాగితాలన్నిటి మీదా ఏముండేదో తెలుసా? డిపెండెంట్. హెచ్-ఫోర్ వీసా, భార్యకి ఇచ్చేది. అక్కడ కాలేజీలో హిస్టరీ చెప్పినదాన్ని, ఇక్కడ ఏళ్ళ తరబడి బయటికి రావాలంటే ఆయన శెలవుల కోసం చూశాను. నా పేరు, నా పని కలిపి ఒకచోట అచ్చయింది దీని మీదే."

నాకు వెంటనే దారి తోచింది. ఇటువంటి ఇరుకుల్లోంచి బయటపడడమే కదా మా విద్య.

"ఆంటీ, 'ఈ కుటుంబం ఈమెను సెయింట్ ఎలిజబెత్ అని పిలుచుకుంటుంది' అనండి. అది నిజమే కదా. మీరు అబద్ధం ఆడినట్టూ కాదు, వాళ్ళు బాధపడరు, బ్యాడ్జీ ఉంటుంది."

ఆమె ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో మెల్లగా పలికి చూసుకున్నారు.

"భలే పేర్చావే ప్లీడరమ్మా. ఒక్క ముక్క తప్పు లేదు. కానీ వినేవాళ్ళు ఏం విని ఇంటికి పోతారు?"

"ఎలిజబెత్ అని అనుకుంటే అది వాళ్ళ పొరపాటు."

"వాళ్ళు ఆ పొరపాటు పడాలనే కదా మనం ఇంత జాగ్రత్తగా పేర్చింది."

"నిజంగా ఎలిజబెత్తే అయి ఉండొచ్చు కూడా."

"ఉండొచ్చు. నేను కాదన్నానా? తెలియదంటున్నా."

"ఇంత చిన్న మాట కోసం..."

"చిన్నది కాబట్టే అడిగారు తల్లీ. పెద్దదైతే ఎవరూ అడగరు." బ్యాడ్జీని మెడలో సర్దుకున్నారు. "కార్డు మ్యూజియంది. ఏమైనా రాసుకోనీ. నోరు నాది. నా బాధల్లా ఆ పెద్దావిడ గురించే. తల్లిని తలుచుకుని వస్తోంది. ఆవిడ మొహం మీద నేను ఆ మాట ఎట్లా అనాలి?"

ఆ సాయంత్రానికి ఒక్కొక్క వాలంటీరు ఒకరిని వెంట తెచ్చుకోవచ్చునంటే ఆమె నన్ను తీసుకెళ్ళారు. నేతచీర కట్టుకున్నారు. ఆమెను చీరలో చూడడం నాకు అదే మొదలు. చక్రాల కుర్చీలో ఉన్న వృద్ధురాలి పక్కన ఆమె కొడుకు, కోడలు, మ్యూజియం పెద్దలు ఉన్నారు. ఆంటీ ఎప్పటిలాగే లారెన్స్ దగ్గర నవ్వించారు, బార్బరా దగ్గర నిదానించారు, పక్క అడుగులతో చివరి బొమ్మను చేరారు. కొత్త కార్డు మీద కొత్త పేరు ఉంది. జల్లెడా స్టీరింగా అని ఆ రోజు ఎవరినీ అడగలేదు.

ఆమె వృద్ధురాలి కుర్చీ ముందు మోకాళ్ళు వంచి, ఆమె కళ్ళకు సమంగా తన కళ్ళు వచ్చేదాకా కిందికి దిగారు. తన గుంటూరు ఇంగ్లీషులో, తొందర లేకుండా ఇలా అన్నారు: "మీ అమ్మగారు ఈమె ముందు రోజూ ప్రార్థించేవారు. అది నాకు తెలుసు. ఆ ప్రార్థన నిజం. ఈమె ఎవరో మాత్రం నాకు తెలియదు. ఈమె చేతుల్ని మనుషులు కోసేశారు."

కొడుకు కార్డు వైపు చూపించి ఏదో అనబోయాడు. వృద్ధురాలు అతని వైపు చూడలేదు. కోసిన అంచు వైపు చాలాసేపు చూసి, ఆంటీ భుజం మీద చేయి వేసి, దానిని ఊతగా పట్టుకున్నట్టు అలాగే ఉంచింది. అది క్షమో, కృతజ్ఞతో, కేవలం ముసలితనపు అలసటో నేను చెప్పలేను. నాకు తెలియదు.

ఫిర్యాదు చేసింది కొడుకు. మ్యూజియం నుంచి మర్యాదగా రాసిన ఒక ఈమెయిల్ వచ్చింది. కోట్ల కౌంటరు గురించి అందులో మళ్ళీ చెప్పారు. ఆంటీ బ్యాడ్జీ తిరిగి ఇచ్చేశారు.

నేను ఊరుకోలేకపోయాను. సంతకాలు సేకరిస్తానన్నాను, మ్యూజియం బోర్డుకు రాస్తానన్నాను, వాదన మొత్తం అంశాలవారీగా సిద్ధం చేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె వంటింటి బల్ల దగ్గర కూర్చుని మొత్తం విన్నారు.

"గెలుస్తావు తల్లీ. నాకు అనుమానం లేదు. గెలిచాక ఆ బొమ్మలో ఆమె పేరు తెలుస్తుందా?"

"మీకు న్యాయం జరుగుతుంది కదా."

"ఆ పెద్దావిడ నలుగురి నోళ్ళలో పడుతుంది. నా మాట నేను అనేశాను. దాని ఖరీదు కూడా నాదే. నువ్వు కట్టకు." అంతలో హాల్లోంచి అంకుల్ వస్తుంటే, "ఉప్మాలో జీడిపప్పు వేసుకుంటావా?" అని మాట మార్చేశారు. ఆయనకు చెప్పలేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఆమెకు హైవే మీద డ్రైవింగ్ భయం. అంకుల్ తీసుకెళ్ళడం ఆగిపోయాక మ్యూజియానికి వెళ్ళనే లేదు. నేను ఎప్పుడు కనబడినా చుట్టాల కుశలం అడిగినట్టు అడిగేవారు. "వాళ్ళంతా బాగున్నారా? మార్గరీటమ్మ మీద లైటు సరిచేశారా? మొహం మీద పడుతుండేది." సరిచేశారని చెబితే తృప్తిగా తల ఊపేవారు. చివరి బొమ్మ గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ తరువాత జబ్బు చేయడం, పోవడం తొందర తొందరగా జరిగిపోయాయి.

ఫ్యూనరల్ హోమ్‌లో పురోహితుడి మంత్రాలు ముగిశాక, జనం పల్చబడ్డాక, అంకుల్ నా పక్కన వచ్చి కూర్చున్నారు.

"నువ్వు అక్కడికి వెళుతుండేదానివి కదమ్మా. ఒకటి అడుగుతాను. ఆవిడ మ్యూజియం ఎందుకు మానేసింది? మోకాళ్ళ నొప్పులని చెప్పింది. నిజమే, నొప్పులు ఉండేవి, నేనే ఆయింట్‌మెంట్ తెచ్చేవాణ్ణి. కానీ ఆ నొప్పులతోనే అంతకుముందు వెళ్ళేది. మానేశాక కారులో ఎప్పుడూ అంత మాట్లాడలేదు."

బెంచీ మీద నేను పేర్చి ఇచ్చిన వాక్యం లాంటిదే ఆమె ఇంట్లో వాడారు. మోకాళ్ళ నొప్పులు నిజం. ఒక్క ముక్క తప్పు లేదు. విన్నవారు ఏం విని నిద్రపోవాలో కూడా ఆమె జాగ్రత్తగానే పేర్చారు. పరాయి గదిలో, పరాయి కుటుంబం ఎదుట తనకు తాను ఇచ్చుకోని వెసులుబాటును ఈ ఒక్క మనిషి కోసం తీసుకున్నారు. ఆయన తెలిస్తే వెళ్ళి పోట్లాడతారనా? ఇంత చిన్న మాటకా అంటారనా? డిబేట్ నేర్చినదాన్ని కనుక ఆ వైరుధ్యం నాకు వెంటనే కనబడింది. దానిని పట్టుకుని ఎవరిని ఓడించాలో మాత్రం కనబడలేదు.

ఆయనకు జరిగినదంతా చెప్పాను.

"అంత చిన్న మాటకా?" అన్నారు అంకుల్. మళ్ళీ తామే, "అనదు. ఆవిడ అనదు" అన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నన్ను అక్కడికి తీసుకెళతావా?" అని అడిగారు.

కర్మకాండలు అయ్యాక ఒక శనివారం వెళ్ళాం. ఇన్నేళ్ళలో ఆయన ఆ మెట్లు ఎక్కడం అదే మొదలు. కోటు విప్పలేదు. టూరు గుంపులో వెనక నిలబడ్డారు. కొత్త గైడు నడివయసు అమెరికన్, మంచి గొంతు, ఉత్సాహం ఉన్న మనిషి. మార్గరెట్ ఎదుట అంకుల్ ఆగి, డ్రాగన్‌ను చూసి, "ఇదేనా?" అని నన్ను అడిగారు. తల ఊపాను. చివరికి గుంపు ఎర్రవస్త్రం దగ్గరికి చేరింది.

"ఈమె సెయింట్ ఎలిజబెత్" అన్నాడు గైడు. ఆమె దానధర్మాల కథ ఒకటి చక్కగా చెప్పి, ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

అంకుల్ బడిపిల్లవాడిలా చేయి పైకెత్తారు.

"హౌ డూ యూ నో?"

గొంతులో వెక్కిరింత లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. గైడు నవ్వి కార్డు చూపించాడు. అంకుల్ కార్డు చదివి, తల అడ్డంగా ఊపి, బొమ్మ దగ్గరికి ఒక అడుగు వేశారు.

"నో, నో. ఐ యామ్ ఆస్కింగ్ యూ."

గైడు బొమ్మ వైపు తిరిగాడు. ముఖం నుంచి భుజానికి, భుజం నుంచి కిందికి, రంపం నడిచిన అంచు దాకా అతని చూపు దిగడం మేమంతా చూశాం. ఆ గోధుమరంగు వంపు దగ్గర ఆగి, అతను కొంచెం వంగి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు.

"ఆనెస్ట్‌లీ, సర్," అన్నాడు, "ఐ డోంట్ నో."

"థాంక్యూ" అన్నారు అంకుల్.